శిఖరము కనబడిన వేళ: పాల్కురికి సోమనాథుని జీవితయాత్ర

శ్రీశైలమునకు కాలినడకన పోవు భక్తునికి యాత్ర ముగియవచ్చిన వేళ ఒక విచిత్రమైన స్థితి కలుగును. ఇల్లు విడిచిన దినమున ఎప్పుడు చేరుదుమా యన్న ఆత్రము ముందుండును. నడుమదారిలో ఎండ, దప్పిక, అరికాళ్ళ బొబ్బలు తప్ప మరొక తలపు ఉండదు. నల్లమల అడవిలో కొండలెక్కి దిగి, దూరమున శిఖరము కనబడినంతనే అడుగు తనంత తానే నెమ్మదించును. చేరవలసిన చోటు చేరువైనది, నడచిన దారి వెనుకబడినది. ఇన్ని దినములు తన్ను నడిపించినది ఆ కొండయా, లేక తనతో కూడి నడచిన భక్తబృందమా యని అతడు తనలో తాను తర్కించుకొనును.

ఈ ప్రశ్న వీరశైవునకు మరింత సూటిగా తగులును. ఇష్టలింగమును ఉరమున ధరించి, కరమున నిలిపి, నిత్యము అర్చించువానికి దేవుని వెదకుచు కొండకు పోవలసిన పని యేమి? స్థావరముకంటె జంగమము గొప్పదని ఉపదేశించిన బసవేశ్వరుని మార్గములో పర్వతయాత్రకు చోటెక్కడ? ఈ సందేహమునకు తన కావ్యములతోను, తన బ్రతుకుతోను సమాధానము చెప్పిన మహనీయుడు పాల్కురికి సోమనాథుడు.

సోమనాథుని జన్మస్థలము ఓరుగల్లు సీమలోని పాలకుర్తి యని తెలుగు పండితులు నిర్ణయించిరి. 2016వ సంవత్సరమున పాత వరంగల్లు జిల్లా విభజింపబడినప్పుడు ఈ గ్రామము జనగామ జిల్లాలో చేరినది. ఊరి చెంతనున్న గుట్టపై సోమేశ్వరస్వామి, లక్ష్మీనరసింహస్వామి కొలువై యున్నారు. కవి నామమును, ఆ గుట్టపై వెలసిన దేవుని నామమును ఒక్కటిగా వినబడుచుండుట ఆ ప్రాంతమువారికి నేటికిని ఒక ముచ్చట. పోతనామాత్యుని స్వగ్రామమని ఆ సీమవారు చెప్పుకొను బమ్మెర ఈ మండలములోనిదే. వీరభద్రవిజయమును, భాగవతమును రచించిన పోతనకు ముందే ఆ నేలపై శివభక్తి తెలుగుపాటయై మ్రోగియుండెను.

తన తండ్రి విష్ణురామిదేవుడనియు, తల్లి శ్రియాదేవి యనియు సోమనాథుడు తన గ్రంథమున చెప్పుకొనెను. అతని కాలమును గూర్చి పండితులలో రెండు మతములు కలవు. 1158 మొదలు 1195 వరకు ఓరుగల్లు నేలిన కాకతి రుద్రదేవుని నాటివాడని కొందరు, 1289 మొదలు 1323 వరకు ఏలిన రెండవ ప్రతాపరుద్రుని నాటివాడని మరికొందరు వాదించిరి. ఏ మతమును గైకొన్నను ఒక్క విషయము నిశ్చయము. సోమనాథుడు గంటము పట్టునాటికి బసవేశ్వరుడు లింగైక్యుడై యుండెను. ఎవని చరిత్రను వ్రాయుటకై జీవితమంతయు ధారపోసెనో, ఆ మహాత్ముని సన్నిధిలో కూర్చుండి ఒక్క మాట వినెడి భాగ్యము ఆ కవికి లభింపలేదు. ఈ లోటు అతని జీవితమునకు మూలమున నున్నది. అతడు దానిని లోటుగా మిగుల్చుకొనక, దారిగా మలచుకొనెను.

బసవేశ్వరుని చూచినవారి సంతతి, వారినుండి విన్న భక్తులు, ఊరూర శరణుల కథలు చెప్పుకొను పెద్దలు అతనికి గ్రంథాలయములైరి. ఈ విధముగా చెవులబడిన కథలను ఏడు ఆశ్వాసముల బసవపురాణముగా కూర్చెను. గొబ్బూరి సంగనామాత్యుడు ఆ కృతికి ప్రేరకుడయ్యెను. కల్యాణ పట్టణమున బిజ్జలుని కొలువులో దండనాయకుడై, శివభక్తులందరిని కులమెంచక తన యింటికి పిలిచి పంక్తిలో కూర్చుండబెట్టిన బసవేశ్వరుని జీవితము ఆ కావ్యమునకు వెన్నెముక. దాని చుట్టును ఎందరో భక్తులు అల్లుకొనియున్నారు. శివునకు తల్లి లేదని జాలిపడి తానే తల్లియై లాలించిన బెజ్జమహాదేవి, తాను తెచ్చిన పాలు దేవుడు త్రాగలేదని తల పగులగొట్టుకొనబోయిన పసిపిల్ల గొడగూచి, మడుగులుదుకు మడివాలు మాచయ్య, చెప్పులు కుట్టు మాదర చెన్నయ్య, కిన్నెర మీటు బ్రహ్మయ్య. వీరిలో సింహాసనమెక్కినవారు కొందరైనను, కాయకముతో బ్రతికినవారే పెక్కుమంది.

ఇట్టివారి కథలను చెప్పుటకు సోమనాథుడు కొలువుకూటముల శైలిని ఎన్నుకొనలేదు. నన్నయ్య నాటినుండి రాజసభలలో గౌరవమందిన చంపూమార్గమును విడిచి, జనులు పాడుకొను ద్విపదను చేపట్టెను. సంస్కృత సమాసములతో బరువెక్కిన పద్యముకంటె, అందరికి తెలియు జానుతెనుగు మేలని ఎంచెను. అతనికి సంస్కృతము రాకపోవుటచే కాదు. సంస్కృతమున సోమనాథభాష్యమును రచించెను, కన్నడమునను కృతులు చేసెను, వృషాధిపశతకమున పలుభాషల పద్యములు కూర్చెను. అన్ని భాషలు నేర్చినవాడు పొలము దున్నువాడు పలుకు తెలుగునే ఎన్నుకొనుటలో ఒక నిష్ఠ కలదు. భక్తుడు ఎట్టివాడో భాషయు అట్టిదే కావలెనని అతని తలంపు.

ఆ నిష్ఠకు అతడు వెల చెల్లింపవలసివచ్చెను. తరువాతి కాలమున బసవపురాణమును పద్యకావ్యముగా రచించిన పిడుపర్తి సోమనాథుడు ఒక కథ చెప్పెను. ఓరుగల్లు కోటలోని స్వయంభూదేవుని గుడిలో భక్తులు కూడి బసవపురాణమును వినుచుండిరట. దైవదర్శనార్థము వచ్చిన ప్రతాపరుద్రుడు ఆ గుంపును చూచి అది యేమని అడిగెనట. చెంతనున్న ఒక విప్రుడు అది ఇటీవల పుట్టిన ద్విపద యనియు, ప్రమాణము కాదనియు చెప్పగా, రాజు వినకయే వెడలిపోయెనట. ఈ కథలోని వివరములు ఎట్లున్నను, ఆ నాటి తగవు ఇందులో స్పష్టముగా కనబడుచున్నది. గుడిలో కూర్చున్న సామాన్యులకు ఆ కావ్యము వేదము. కొలువులోని పండితునకు అది కావ్యమే కాదు. కాకతీయ రాజధానికి చేరువనున్న కవి, ఆ రాజధానిలో పరాయివాడయ్యెను.

ఇట్టి అనుభవముగల కవి పండితారాధ్య చరిత్రను చేపట్టుట గమనింపదగినది. బసవపురాణము తరువాత వెలసిన ఈ మహాకావ్యము దీక్షా, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణములని అయిదు భాగములు. కథానాయకుడు మల్లికార్జున పండితారాధ్యుడు, బసవేశ్వరుని సమకాలికుడు. గోదావరీతీరపు దాక్షారామమున జన్మించి, శ్రీపతి పండితునితోను, శివలెంక మంచనతోను కలిసి పండితత్రయముగా పేరొందెను. శివతత్త్వసారమును రచించిన విద్వాంసుడు. ఆరాధ్య సంప్రదాయమువాడగుటచే వేదాచారమును పూర్తిగా విడువలేదు. కులభేదమును కడిగివేసిన బసవేశ్వరుని మార్గముతో అతనికి ఈ ఒక్క యెడమున్నను, బసవేశ్వరునిపై అతని ప్రేమ అపారము. ఈ యెడమును దాచక, ఆ ప్రేమను తగ్గింపక, ఇద్దరిని ఒకే భక్తితో సోమనాథుడు కీర్తించెను.

పండితారాధ్యుని కథలో అత్యంత దుఃఖకరమైన ఘట్టము వెలనాటి చోడుల రాజధానియగు చందవోలులో జరిగినది. అక్కడ బౌద్ధాచార్యునితో వాదము జరిగెను. పిమ్మట పండితుని శిష్యులు ఆ ఆచార్యుని చంపిరి. శిష్యుల నేరమునకు గురువు బాధ్యుడని రాజు పండితుని కన్నులు తీయించెననియు, శివానుగ్రహముచే అతనికి తిరిగి చూపు వచ్చెననియు చరిత్ర చెప్పుచున్నది. భక్తి పేరిట చేతులకు నెత్తురంటిన ఆ శిష్యుల పని, కావ్యము ఎట్లు చెప్పినను, నేటి పాఠకునికి శిరసు వంచుకొనవలసిన ఘట్టమే. గురువు కన్నులు శిష్యుల ఆవేశమునకు బలియయ్యెనన్న సంగతి ప్రతి మఠమునను తలంచుకొనదగినది.

తిరిగి వచ్చిన ఆ చూపుతో పండితారాధ్యుడు ఒక్కనిని చూడగోరెను. అతడు కల్యాణమునందున్న బసవేశ్వరుడు. చందవోలు నేటి బాపట్ల జిల్లాలో, కల్యాణము నేటి కర్ణాటకమున బీదరు జిల్లాలో ఉన్నవి. నడుమ నాలుగువందల కిలోమీటర్లకు మించిన దూరము. కృష్ణాతీరపు మైదానమును దాటి, తెలంగాణపు రాతినేలల మీదుగా, శిష్యసమేతుడై పండితుడు పడమటికి సాగెను. దారి సగములో నుండగానే ఆ వార్త అందెను. బసవేశ్వరుడు కూడలసంగమమున లింగైక్యమందెను. పోగొట్టుకొని మరల పొందిన కన్నులు ఎవ్వనికొరకు దాచుకొనబడెనో, అతడు ఇక కనబడడు.

ఇంతకుమించిన యాత్రాభంగము ఏ యాత్రికునకు కలుగును? గుడి తలుపులు మూయబడినచో రేపు తెరువబడునని వేచియుండవచ్చును. వాగు పొంగినచో తగ్గువరకు గట్టున పడియుండవచ్చును. చేరవలసిన మహాత్ముడే లోకమును విడిచినచో నడిచిన నడక యంతయు వ్యర్థమేనా? పండితారాధ్యుని శోకమును సోమనాథుడు మిక్కిలి ఆర్ద్రముగా వర్ణించెను. బసవేశ్వరుని చూడలేకపోయిన కవి, బసవేశ్వరుని చూడలేకపోయిన భక్తుని దుఃఖమును వ్రాయుచున్నాడు. తన దుఃఖమును వేరుగ చెప్పుకొన నవసరము అతనికి లేకపోయెను.

సోమనాథుడు కావ్యమును ఆ శోకముతో ముగింపలేదు. చివరిది పర్వత ప్రకరణము. కథ కల్యాణము దారినుండి శ్రీపర్వతమువైపు మరలినది. ఇక్కడ కవి గంటము ఉప్పొంగినది. శివరాత్రికి నలుదెసలనుండి కొండకు వచ్చు జనసమూహములు, వారి వ్రతములు, వాద్యములు, నాట్యములు, బొమ్మలాటలు ఆ ప్రకరణమున బారులు తీరియున్నవి. తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, ఆనందపదములు, శంకరపదములు, నివాళిపదములు, వాలేశుపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు అని జనులు పాడుకొను పాటల పేర్లను అతడు చెప్పియుండకపోయినచో, ఆ కాలమున తెలుగువారు ఏమి పాడుకొనిరో మనకు తెలిసెడిది కాదు. తెలుగువారి ఆటపాటలను పరిశోధించువారు నేటికిని ఆ ప్రకరణమునే ఆశ్రయించుచున్నారు.

ఇందులోనే మొదటి సందేహమునకు సమాధానమున్నది. సోమనాథుడు శ్రీశైలమును స్థావరముగా మాత్రము చూడలేదు. కదలివచ్చు భక్తజనముచే ఆ కొండ జంగమమైనది. ఓరుగల్లు గుడిలో ఏ సామాన్యుల పాట ప్రమాణము కాదని త్రోసివేయబడెనో, ఆ సామాన్యుల పాటయే పర్వతదారిలో శివునకు స్వాగతమైనది. బసవేశ్వరుడు కల్యాణమున ఏ భక్తసంఘమును కూర్చెనో, అది చెదరిపోయిన పిమ్మట, కులమెంచక కూడి నడచు యాత్రికుల గుంపులో దాని పోలిక సోమనాథునికి కనబడినది. పండితారాధ్యుడు కోల్పోయినది బసవేశ్వరుని దర్శనము. ఆ దారిలో అతనికి దొరకినది బసవేశ్వరుడు ప్రేమించిన జనము.

శ్రీశైలయాత్రలోని ఒక ఆచారము ఈ భావమునకు మరింత బలమునిచ్చుచున్నది. దోర్నాల దారిన వచ్చువారికి ఆలయముకంటె ముందు శిఖరేశ్వరము తగులును. అక్కడ నందికొమ్ముల నడుమనుండి దూరపు ఆలయశిఖరమును చూచుటకు యాత్రికులు ప్రయత్నింతురు. ఆ శిఖరమును కన్నవానికి పునర్జన్మము లేదని పెద్దల విశ్వాసము. గర్భగుడి ఇంకను చేరలేదు, అభిషేకము ఇంకను చేయలేదు, అయినను యాత్రాఫలము దారిలోనే దక్కినది. చేరినవానికి మాత్రమే ఫలమన్నచో వృద్ధులు, రోగులు, నడుమదారిలో ఒరిగిపోయినవారు ఏమి కావలెను? పెద్దలు ఫలమును గుమ్మమువద్ద కాక దారివద్ద నిలుపుటలో గొప్ప కరుణ కలదు.

పాలకుర్తినుండి శ్రీశైలము రెండువందల కిలోమీటర్లకు పైబడిన నడక. కాని సోమనాథుని తుదియాత్ర అంతకంటె ఎంతయో దీర్ఘమైనది. అతడు పుట్టిన నేలను విడిచి కర్ణాటకమునకు తరలిపోయెననియు, మాగడి సమీపమునందలి కల్య గ్రామమున లింగైక్యమందెననియు సంప్రదాయము. పాలకుర్తికిని కల్యకును ఆరువందల కిలోమీటర్లకు మించిన దూరము. కాకతీయ రాజ్యమును దాటి, కృష్ణ, తుంగభద్రలను దాటి, భాష మారిన చోట ఆ తెలుగు కవి విశ్రమించెను. అక్కడివారు అతనిని పరాయివానిగా చూడలేదు. భీమకవి 1369లో బసవపురాణమును కన్నడమున రచించెను. అందుకు మూలము సోమనాథుని ద్విపదయే. కన్నడనాట పుట్టిన బసవేశ్వరుని జీవితము, ఓరుగల్లు సీమలో తెలుగుపాటయై, మరల కన్నడనాటికి కావ్యరూపమున చేరినది. 16వ శతాబ్దిలో విరక్త తోంటదార్యుడు సోమనాథుని జీవితమునే కన్నడమున పురాణముగా రచించెను.

స్వదేశమునను కాలము న్యాయము చేసినది. కొలువులో ప్రమాణము కాదనిపించుకొన్న ద్విపద ఆ పిమ్మట తెలుగు సాహిత్యమున ఒక రాజమార్గమైనది. శ్రీనాథుడు పండితారాధ్య చరిత్రను పద్యముగా రచించెను. ఆ గ్రంథము నేడు లభించుట లేదు. కాని సామాన్యులకొరకు సోమనాథుడు పాడిన ద్విపద నిలిచియున్నది. వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరణముతో 1926లో బసవపురాణమును, చిలుకూరి నారాయణరావు పరిష్కరణముతో 1939లో పండితారాధ్య చరిత్రయు అచ్చయి నేటి పాఠకునికి అందినవి.

సోమనాథుడు పుట్టిన సీమలో నేటికిని శివుని దారులు సందడిగానే యున్నవి. జనగామ జిల్లాలో పాలకుర్తి గుట్ట కలదు. మహబూబాబాదు జిల్లా కురవిలో వీరభద్రస్వామి జాతర శివరాత్రికి సాగును. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరమున గోదావరీ ప్రాణహితల సంగమతీరమున ఒకే పానవట్టముపై రెండు లింగములు పూజలందుకొనుచున్నవి. కాళేశ్వరము, శ్రీశైలము, దాక్షారామము త్రిలింగక్షేత్రములు. పండితారాధ్యుడు పుట్టినది ఒక క్షేత్రము, అతని కావ్యము ముగియునది మరొక క్షేత్రము, అతనిని కీర్తించిన కవి పుట్టిన సీమకు చేరువనున్నది మూడవ క్షేత్రము. ఈ మూడింటి నడుమ నడచిన పాదముల తాకిడి తెలుగునేలను ఒక్కటి చేసినది.

ఆ భూపాలపల్లి జిల్లాలోనే గణపురమున కాకతీయుల నాటి కోటగుళ్ళు కలవు. చెక్కిన స్తంభములు ఒరిగి, కప్పులు కూలి, ఎన్నో తరములు అవి అట్లే పడియున్నవి. రాజులు లక్షలు వెచ్చించి నిలిపిన రాయి కూలినది. ఆ రాజుల కొలువులో చోటు దొరకని ద్విపద మాత్రము భక్తుల నాలుకలపై, తాటియాకులపై, ఊరినుండి ఊరికి నడచి బ్రతికినది. స్థావరమునకును జంగమమునకును గల భేదమును ఇంతకంటె స్పష్టముగా ఏ గురువు చూపగలడు?

కనుక యాత్ర ముగియవచ్చిన వేళ శిఖరమును చూచి అడుగు నెమ్మదించిన భక్తుడు చింతపడ నవసరము లేదు. ఉరమున లింగమున్నవాడు కొండకు పోవుట దేవుడు తనయొద్ద లేడని కాదు. తనయొద్దనున్న దేవుడే తోడి యాత్రికుని యొద్దను ఉన్నాడని తెలిసికొనుటకు పోవుచున్నాడు. దారిలో ఒకరి మూట మరొకరు మోసినది, ఒకరి కాలి ముల్లు మరొకరు తీసినది, ఏ కులమని అడుగక ఒక్క పంక్తిలో భుజించినది, ఇవియే ఆ యాత్రలో జరిగిన లింగపూజలు. ఇంటికి మరలిన పిమ్మటను ఆ పంక్తి చెదరకుండ నిలుపుకొన్నవానికి యాత్ర సఫలము. గడప దాటినంతనే మరల కులమెంచువాడు వేయిమార్లు కొండ యెక్కినను దారిలోనే తప్పిపోయినవాడు.

శివరాత్రికి కాలినడకన పోవువారు మన గ్రామములమీదుగా సాగునప్పుడు వారికి దప్పికకు నీరు, విశ్రమించుటకు నీడ, ఒక పూట దాసోహము సమకూర్చుట మఠములకును, గృహస్థులకును సోమనాథుడు చూపిన సేవ. బసవేశ్వరుని చూడలేకపోయినవారు ఇద్దరు. ఒకడు నడచి నడచి దారిలో ఆ వార్త విన్నవాడు, మరొకడు తరువాత పుట్టి ఆ కథ వ్రాసినవాడు. ఇద్దరును బసవేశ్వరుని చేరిరి. చేరిన చోటు కల్యాణము కాదు, శరణుల నడుమ.

శరణు శరణార్థి.